సెకనాయన కుంపటి

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ సెకనాయనే. టైమెంతయిందని ఎవరైనా అడిగితే చేతి గడియారం చూసి చెప్పేసి ఊరుకునే రకం కాదు. చూపుడువేలు పైకెత్తి, "ఆగు... ఆగు... ఇదిగో, ఇప్పుడు! పదకొండూ నలభై రెండు," అనేవాడు. ఆ ఆగడంలోనే అడిగినవాడి బస్సు కాస్తా వెళ్లిపోయేది. పాలుపోసే అతను ఒకసారి, "అయ్యా, మీ టైము సరైనదే, కాదనను. మీరు చెప్పేలోపు నాదే తప్పిపోతోంది," అన్నాడు. ఆ మాట చెప్పుకుని వీధంతా చాలాకాలం నవ్వుకుంది.

ఇంతా చేసి ఆయన ఏ పనికీ వేళకు చేరినవాడు కాదు. సినిమాకి వెళ్తే సగం కథ పక్కవాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే. రైలెక్కితే కదులుతున్న పెట్టెలోకే. "ఈయనకి సెకన్లన్నీ లెక్కే. గంటలే పట్టవు," అనేది భార్య. అంటూనే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది. ఆయన ఇంకా లోపల ఏదో తీగ చివర గీకుతూ ఉండేవాడు.

ఉద్యోగం రేవులో, వైర్‌లెస్ వర్క్‌షాపులో. పడవల మీంచి దించిన సెట్లు ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి వచ్చేవి. వాటిని విప్పి, తుడిచి, ఒక్కోదాన్నీ దాని సరైన ఫ్రీక్వెన్సీ మీద నిలబెట్టి పంపడం ఆయన పని. దేన్ని చూసి నిలబెట్టాలి? వర్క్‌షాపు మూల అద్దాల బీరువాలో ఒక పెట్టె ఉండేది. దాని మాటే మాట. ఏడాదికోసారి దాన్ని ఎక్కడికో పంపి, తప్పూ ఒప్పూ చూపించుకుని తెచ్చేవాళ్లు. తాళంచెవి ఫోర్‌మన్ దగ్గర. అలాంటి పెట్టె ఒకటి సొంతంగా ఉండాలని సెకనాయనకు కుర్రతనం నుంచీ కోరిక. కొందరికి స్కూటర్ మీద ఉంటుంది, కొందరికి స్థలం మీద ఉంటుంది. ఈయనకు దీనిమీద ఉంది.

పెళ్లికి దారి కూడా అక్కడే పడింది. సెట్లలో వాడే క్రిస్టళ్లు ఊరి చివర ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. క్రిస్టల్ అంటే పెద్ద సంగతేం కాదు. స్ఫటికపు రాయిని చిల్లరబిళ్ల అంత కోసి, అరగదీసి, రెండు తీగలు అతికిస్తారు. కరెంటు ఇస్తే అది వణుకుతుంది. ఎంత పల్చగా అరగదీస్తే అంత వేగం. ఒకసారి వచ్చిన పెట్టెలో అన్నీ తప్పు చూపించాయని సెకనాయన ఒంటికాలి మీద లేచి, పెట్టె చంకన పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. కౌంటర్ దగ్గరికి అరగదీసే సెక్షన్ నుంచి ఒకమ్మాయిని పిలిచారు. ఆమె తడిచేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ వచ్చి, మూడు క్రిస్టళ్లు తీసి తన మీటరు మీద పెట్టి చూసి, పెట్టె మళ్లీ ఇటు తోసేసింది.

"క్రిస్టల్ సరిగ్గానే ఉంది. మీ మీటరు చూసుకోండి."

తిరిగొచ్చి చూసుకుంటే తప్పు మీటరుదే. ఈ కథ ఆయన నలుగురు కలిసిన ప్రతిచోటా చెప్పేవాడు. చివరిమాట ఆమె గొంతుతోనే, మూతి అలాగే పెట్టి చెప్పేవాడు. ఆమె వంటింట్లోంచి, "చాల్లెండి, విన్నవాళ్లే విని చస్తున్నారు," అనేది.

ఆమె వేళ్లకి గీతలు లేవు. ఏళ్ల తరబడి తడి గాజుపలక మీద రాయిని రుద్ది రుద్ది వేలికొసలు నున్నగా అయిపోయాయి. వేలిముద్ర వేయించుకునే ఆఫీసుల్లో ఆమె దగ్గర గుమాస్తాలు తలపట్టుకునేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడుతోందని తెలిశాక ఆమె భోజనం వేళల్లో కూర్చుని తనకోసమని ఒక క్రిస్టల్ చేసుకుంది. అమ్మకానికి చేసేదాంట్లో ఇంత చాలు అనుకునే చోటొకటి ఉంటుంది. దీనికి అలాంటి చోటు పెట్టుకోలేదు. రెండు రుద్దులు రుద్దడం, కడగడం, చూడటం, మళ్లీ రెండు రుద్దులు. సెకనుకు సరిగ్గా కోటి వణుకులు వచ్చేదాకా వదల్లేదు. గాలి తీసేసిన గాజుబుడ్డిలో దాన్ని మూయించి, ఆఖరిరోజు జీతం కవరుతో పాటు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కోటి మీంచి కదలదు," అంది.

"అన్నీ కదుల్తాయి. రాయికీ వయసొస్తుంది."

"వస్తే నాకు వచ్చినంత రాదు. చూస్తూ ఉండండి."

క్రిస్టల్‌కు వేడిలో తేడా పనికిరాదు. అందుకని ఆయన అల్యూమినియం దిమ్మలో గుంట తొలిచి, అందులో దాన్ని కూర్చోబెట్టి, చుట్టూ వెచ్చబెట్టే తీగ చుట్టి, పైన దూది, ఆపైన థర్మకోల్, ఆపైన చెక్కపెట్టె బిగించాడు. ఎండయినా వానయినా లోపల ఒకే వేడి. ఆ పని తెలిసినవాళ్లు దాన్ని ఓవెన్ అంటారు. ఆమె కుంపటి అంది. ఆ పేరే ఉండిపోయింది. కుంపటి ఒక్కసారి ఆరిందంటే లోపలి క్రిస్టల్ మళ్లీ పాతచోటికి రాదు, కొంచెం పక్కకే స్థిరపడుతుంది. అందుకని కరెంటు పోతే అందుకోవడానికి కింద కారు బ్యాటరీ. "ఫ్రిజ్‌లో పాలు విరిగినా పర్లేదు గానీ ఈయన కుంపటి మాత్రం ఆరకూడదు," అని ఆమె వచ్చినవాళ్లకల్లా ఫిర్యాదు చేసేది. తీరా ఆయన ఊరికెళ్తే పొద్దున్నే లేచి ముందు దానిమీద చెయ్యి పెట్టి చూసేది ఆమే.

అలా ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరయ్యాడు. ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే, మాట్లాడే ఓపిక ఉన్న పూట ఒకటే అడిగేది.

"కుంపటి ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది."

"క్రిస్టల్ కదిలిందా?"

"కదిలిందో లేదో చెప్పాలంటే దానికన్నా మంచిది ఇంకోటి ఉండాలి కదే. ఇంట్లో అదే పెద్ద."

"తెచ్చుకోండి మరి. నేను చెప్పింది నిజమో కాదో చూసుకోరూ?" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ మాట తర్వాత ఆమె మాట్లాడినవన్నీ మంచినీళ్ల గురించీ కిటికీ గురించీ మాత్రమే.

ఆమె పోయాక ఆయనకు ప్రపంచంలో తెలుసుకోవాల్సింది ఆ ఒక్కటే మిగిలింది. ఆమె చేసింది కదిలిందా, లేదా.

* * *

టైముకు ఇప్పుడు పెద్దలు ఆకాశంలో ఉన్నారు. ఉపగ్రహాల్లో అణుగడియారాలుంటాయి. వాటి సంకేతాలు పట్టి సెకనుకొక దెబ్బ కొట్టే రిసీవర్ దొరికితే చాలు, దాని పక్కన పెట్టి క్రిస్టల్ తప్పొప్పులు చూసుకోవచ్చు. సెకనాయన పాత ఎలక్ట్రానిక్ సామాన్ల బజారుకు వెళ్లాడు. మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ షాపు. ఫోన్ టవర్ల నుంచి ఊడదీసిన సామాను గుట్టలుగా పడి ఉంది. నడుపుతున్నది ఒక నడివయసు ఆవిడ. కళ్లద్దాలు నుదుటి మీద, ఇంకో జత ముక్కు మీద.

"దేనికి? కారుకా?"

"కదలని వస్తువుకమ్మా."

ఆవిడ మూడు తెచ్చి కౌంటర్ మీద వరసగా పెట్టింది. మొదటిది బొటనవేలి గోరంత.

"ఇది అన్నిటికన్నా చవక. డెలివరీ బళ్లకి పెట్టేది. గోడకి మేకులు కొట్టి బిగించినా ఇంకా తను తిరుగుతున్నాననే అనుకుంటుంది. ఓ మీటరు అటు, ఓ మీటరు ఇటు. దాంతోపాటే సెకనూ వణుకుతుంది."

"వద్దు. మా బావమరిదికి ఇదే జబ్బు. కూర్చున్నచోట కూర్చోడు."

"ఇది కొత్తది, టైము కోసమనే చేసింది. తన లెక్క తనే సరిచూసుకుంటుంది. ఎవరైనా చోటు మార్చారని అనుమానమొస్తే నానా గోలా చేస్తుంది."

ధర విని ఆయన దాన్ని వేడిగిన్నెను దించినట్టు మెల్లగా కౌంటర్ మీదికి దించేశాడు. ఆవిడకు అర్థమైంది. మూడోది ముందుకు జరిపింది. అరచేతంత పలక, ఒక మూల నల్లగా మరక.

"ఇదీ టైముదే. టవరు కింద డబ్బాలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చింది. మీకు అందే ధరే. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు ఒక రోజంతా తానెక్కడున్నదీ వెతుక్కుంటుంది. దొరికాక ఇక చోటు గొడవ పెట్టుకోదు. వచ్చిన సంకేతాలన్నీ టైముకే వాడుతుంది. అందుకే నికరం. రెండు లోపాలున్నాయి, ముందే చెబుతున్నా. ఒకటి, తేదీ దాదాపు ఇరవయ్యేళ్లు వెనక్కి చూపిస్తుంది. వారాలు లెక్కపెట్టే దాని గది అంతే, నిండగానే మళ్లీ మొదలుకొచ్చింది. సెకను మాత్రం ఠంచనుగా కొడుతుంది."

"సెకనుంటే చాలు. రెండోది?"

"కొత్తదానికున్న అనుమానం దీనికి లేదు. ఒకసారి నమ్మిందంటే నమ్మినట్టే. చోటు మారిస్తే, మళ్లీ వెతుక్కోమని మీరే చెప్పాలి. లేదంటే ఓ పూట కరెంటు తీసేసి ఉంచండి, అదే మర్చిపోతుంది."

"నేనింకెక్కడికి కదుల్తానమ్మా. కదిలేది ఒక్కసారే."

"అప్పుడు దీన్ని వెంట తీసుకెళ్లరు లెండి," అంటూ ఆవిడ దాన్ని పాత పేపర్లో చుట్టి ఇచ్చింది.

* * *

పుట్టగొడుగు ఆకారంలో ఉన్న యాంటెనాను డాబా పిట్టగోడకు బిగించింది బావమరిదే. భార్యకు తమ్ముడు. ప్లంబరు. గోడకు ఏది బిగించాలన్నా చేతిలో పని. నోటికీ అంతే.

"వానాకాలమొస్తే ఇది పెరుగుతుందా బావా?"

"పెరిగితే కూర వండించుకుని తిందువుగాని. వంకరగా బిగించకు."

రిసీవర్‌లో తేదీ చూసి బావమరిది పడీపడీ నవ్వాడు. "నీ డబ్బా లెక్కలో నాకింకా జుట్టుంది బావా!" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు ఆపేశాడు. ఆ లెక్కలో వాళ్లక్క ఇంకా భోజనం వేళల్లో రాయి రుద్దుతూ కూర్చుని ఉంది.  ఆ తేదీని సరిచేసే దారి ఉన్నా సెకనాయన సరిచేయలేదు.

రోజూ పొద్దున్న కాఫీ తాగకముందు ఆయన సంకేతాలను గీతలుగా చూపించే స్కోపు తెరమీద రిసీవర్ దెబ్బకీ క్రిస్టల్ వణుక్కీ మధ్య తేడా చూసి, వంటింటి గోడకు అంటించిన గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవాడు. కాగితం పైన రిసీవర్ చెప్పిన చోటును అక్షాంశ రేఖాంశాల అంకెల్లో రాసుకున్నాడు. చుక్కలు పెరిగాయి. ఒకదాని పక్కన ఒకటి, సన్నటి గీతలా, పక్కకు జరిగీ జరగనట్టు, ముసలివాళ్లు గోడ పట్టుకుని నడిచినట్టు సాగాయి. వర్క్‌షాపులో అద్దాల బీరువాలో పెట్టె కూడా ఇంత నిలకడగా ఉండేది కాదు.

"మీ అక్కే గెలిచేలా ఉంది," అన్నాడు బావమరిదితో.

"గెలిచేలా ఉండటమేంటి, గెలిచిందను."

"ఏడాది పూర్తి కానీ. ఎండాకాలం చూడాలి, చలికాలం చూడాలి. సగంలో ఒప్పేసుకుంటే మీ అక్కే ఒప్పుకోదు."

ఏడాది పూర్తి కాకుండానే ఇల్లుగలాయన ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు పడగొట్టి కట్టుకుంటామన్నారు. బావమరిది ఇల్లు నాలుగు వీధుల అవతల. కింద పైపుల గోడౌను, పైన ఒక గది ఖాళీ. "బావా, మాట్లాడకుండా వచ్చెయ్యి," అన్నాడు. బావమరిది భార్య ఆ గది కడిగి, కిటికీకి తెర కట్టి, "అన్నయ్యగారూ, మీ కుంపటికి బల్ల కూడా వేయించాను," అని కబురుపెట్టింది.

మంచం, బీరువా, గిన్నెలు ముందు వెళ్లాయి. ఆఖరి ట్రిప్పు కుంపటిది. సెకనాయన నిద్రమాని ఆలోచించింది దానిగురించే. కారు బ్యాటరీని వ్యాను సీటు కింద పెట్టించాడు. దానికి కుంపటినీ, క్రిస్టల్ సర్క్యూటునూ, ఏదీ ఒక్క క్షణం ఆగకూడదని రిసీవర్‌ను కూడా తగిలించాడు. యాంటెనా తీగ ఒక్కటే విప్పాడు. చెక్కపెట్టెను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి కూర్చున్నాడు.

"పెళ్లయిన కొత్తలో మా అక్కని రిక్షాలో కూడా ఇంత జాగ్రత్తగా తీసుకెళ్లలేదు నువ్వు," అన్నాడు బావమరిది గేరు వేస్తూ.

"మీ అక్క నడవగలదు. రోడ్డు చూసి నడుపు."

రోడ్డు చూస్తూనే నడిపాడు. అయినా స్కూలు మలుపులో నీళ్లు నిండిన గుంత ఒకటి కనపడలేదు. వ్యాను ధబ్బున దిగి లేచింది. పెట్టె ఒళ్లోంచి ఎగిరి మళ్లీ ఒళ్లోనే పడింది. సెకనాయన పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మిగతా రెండు వీధులూ బావమరిది మొదటి గేరులోనే నడిపాడు.

* * *

కొత్త గదిలో అన్నీ అమర్చాక, నీళ్లట్యాంకు స్టాండుకు యాంటెనా బిగించాక, రిసీవర్ ఎప్పటిలాగే సెకనుకొక దెబ్బ కొట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. సెకనాయన ఊపిరి పీల్చుకున్నాడు. కాగితం గోడకు మళ్లీ అంటించి చుక్కలు మొదలుపెట్టాడు.

చుక్కలు తూలాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. గీత అన్నదే లేదు. పూటకోసారి చూస్తే ఇంకా అన్యాయం. పొద్దున పైకి పోయింది మధ్యాహ్నానికి కింద ఉండేది. తాగినవాడి నడక. వారంరోజులు చూశాడు. సర్దుకుంటుందేమోనని ఇంకో వారం చూశాడు. అన్నం సరిగ్గా తినడం మానేశాడు. బావమరిది భార్య పళ్లెం తీసుకెళ్తూ, "అన్నయ్యగారూ, పప్పు ఉప్పగా ఉందా?" అంటే, "ఆ గుంతమ్మా, ఆ గుంత," అన్నాడు.

బావమరిది పైకి వచ్చాడు. గోడవైపు చూశాడు.

"నావల్లేనా బావా?"

కాదని ఒక మాట అనొచ్చు. ఆయన అనలేదు. "మరి ఇక్కడికొచ్చేదాకా బాగానే ఉంది కదా," అన్నాడు.

బావమరిది మొహం నల్లబడింది. రిసీవర్ వైపు చెయ్యి చూపి, "నీ డబ్బాదే తప్పేమో చూడరాదూ. సెకండ్ హ్యాండుదే కదా అది," అన్నాడు.

"దాని దెబ్బ ఆకాశం నుంచి వస్తోందిరా. శాటిలైట్లు తప్పు చెబుతాయా? ఒక రాయి చెబుతుంది గానీ."

"అది రాయి కాదు బావా. అక్క చేసింది."

"అందుకేగా బాగుచెయ్యాలనేది. లోపల ఏదో అతుకు ఊడింది. తెరిచి చూస్తాను."

"తెరవకు. ఇన్నేళ్లూ తెరవనిది ఇప్పుడెందుకు?"

సెకనాయన చెవిన పెట్టలేదు. అతుకు ఊడి ఉంటే వెచ్చదనం సరిగ్గా అందదు, రోజురోజుకీ క్రిస్టల్ ఇంకా పాడవుతుంది. చూస్తూ కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. ఆసుపత్రిలో అలా కూర్చునే చూశాడు.

ఆదివారం మధ్యాహ్నం, కింద గోడౌను మూసి ఉన్నప్పుడు, ఆయన స్విచ్చి తీశాడు. బ్యాటరీ తీగ కూడా విప్పాడు. చెక్కపెట్టె, థర్మకోల్, దూది ఒక్కొక్కటే తీశాడు. దూది పసుపుపచ్చగా మారి ఉంది. అల్యూమినియం దిమ్మ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. అలా చల్లబడటం ఆయన ఇంతకుముందు ఒకసారి ఇదే అరచేతితో చూశాడు. చెయ్యి తీసేశాడు.

అతుకులు ఒక్కటీ ఊడలేదు. అన్నీ ఆయన వణకని చేతులతో వేసినవి, వేసిన రోజు ఎలా మెరిశాయో అలాగే మెరుస్తున్నాయి. అక్కడితో మూసేయాల్సింది. కానీ ఏదీ దొరక్కుండా మూసేస్తే తూలడానికి కారణం క్రిస్టలే అని ఒప్పుకున్నట్టవుతుంది. క్రిస్టల్ తీగకాళ్ల దగ్గర ఏమైనా సడలిందేమోనని, వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీ తగిలించి సీసం కరిగించి, క్రిస్టల్‌ను మెల్లగా పైకి లాగాడు. చేతులు ఇప్పుడు అప్పటివి కావు. టిక్కుమని చిన్న చప్పుడు. గోరుతో గింజ చిట్లించినంత. గాజుబుడ్డి అడుగున, తీగ బయటికొచ్చే చోట, వెంట్రుకంత గీత. ఆమె మూయించిన బుడ్డిలోకి గాలి పోయింది.

ఆయన దాన్ని దూదిలో పెట్టి, దూదిని కళ్లద్దాల డబ్బాలో పెట్టి, చాలాసేపు మూత వేయలేదు.

* * *

కుంపటి ఖాళీగా ఉండకూడదని ఆయన బజారులో కొన్న మామూలు క్రిస్టల్ ఒకటి అందులో పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. చెయ్యి ఊరుకోక పెట్టాడు. వేడి నిలబడ్డాక, పొద్దున్నే అలవాటు కొద్దీ స్కోపు ముందు కూర్చున్నాడు.

అది కూడా తూలింది. దాని సొంత జారుడు వేరే ఉంది. ఆ జారుడు మీద మళ్లీ అదే తూలుడు, పొద్దున పైకి, మధ్యాహ్నం కిందికి.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆ రోజంతా నిమిషాల లెక్కన చుక్కలు పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. ఆ మర్నాడూ పెట్టాడు. తూలుడుకు ఒక ఆకారం ఉంది, ఏ రోజుకారోజు అదే ఆకారం. కాకపోతే రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది. అలా ముందుగా వచ్చేవి ఏవో ఆయనకు తెలుసు. రేవులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. నక్షత్రాలు అలా పొడుస్తాయి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు కూడా అలాగే మళ్లీ మళ్లీ అదే దారిన వస్తాయి. దూదిలో, థర్మకోల్‌లో, చెక్కపెట్టెలో చీకట్లో కూర్చున్న రాయికి నక్షత్రాల సంగతి తెలియదు.

తెలిసేది రిసీవర్‌కే.

ఆయన దాన్ని, నువ్వెక్కడున్నావని అడిగాడు. అడగడానికి రెండు మీటలు నొక్కితే చాలు, ఇన్నాళ్లూ నొక్కలేదు. తెరమీద అంకెలు వచ్చాయి. తలెత్తి గోడమీద కాగితం చూశాడు. పైన పెన్సిలుతో రాసుకున్న అంకెలూ, ఇవీ ఒకటే. చివరి అంకెతో సహా.

రిసీవర్ ఇంకా పాత ఇంటి డాబా మీదే ఉంది. ఆ ఇంటి గోడలు ఈపాటికి కూలగొట్టేశారు కూడా. అయినా అది అక్కడే కూర్చుని, వచ్చే ప్రతి సంకేతాన్నీ ఆ పిట్టగోడ నుంచే లెక్కగట్టి, ఏ ఉపగ్రహం ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు తప్పుతూ, నమ్మకంగా సెకనుకొక దెబ్బ కొడుతోంది. వేరే ఊరికి తీసుకెళ్లి ఉంటే లెక్క కుదరక చేతులెత్తేసేది. నాలుగు వీధులే కాబట్టి ఎలాగో సర్దుకుపోయింది. వ్యానులో దాన్ని ఆరిపోనిచ్చి ఉంటే మర్చిపోయి మళ్లీ వెతుక్కునేది. ఆయనే ఆరిపోనివ్వలేదు. షాపావిడ చెప్పిన మాట, పాత పేపర్లో చుట్టేముందు అన్నమాట, అక్షరం పొల్లుపోకుండా చెవిలో వినపడింది.

సాయంత్రం బావమరిది టీ పట్టుకుని వచ్చాడు. ఆ మధ్య అతను స్కూలు మలుపు మానేసి చుట్టుతిరిగి వెళ్తున్నాడని అతని భార్య చెప్పింది.

"గుంత వల్ల కాదురా," అన్నాడు సెకనాయన.

బావమరిది గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన మొత్తం చెప్పాడు. అంకెలు చూపించాడు. బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"అంటే అక్కది..."

"కదల్లేదు. వ్యానులో కదల్లేదు, గుంతలో కదల్లేదు. ఇక్కడికొచ్చాకా కదల్లేదు. నేను స్విచ్చి తీసేదాకా అది మీ అక్క చెప్పినచోటే ఉంది."

"మరి ఇప్పుడో?"

ఆయన కళ్లద్దాల డబ్బా తెరిచి చూపించాడు. బావమరిది వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, గీత ఎక్కడుందో వెతికి చూశాడు. ప్లంబరు కన్ను. పగులు ఎక్కడున్నా పట్టుకుంటుంది.

"ఫ్యాక్టరీ కౌంటర్ దగ్గర నీకేం చెప్పింది బావా అక్క?"

సెకనాయన డబ్బా కోసం చెయ్యి చాచాడు.

"చెప్పు. ఈ ఇంట్లో వందసార్లు చెప్పావు. మా పిల్లలకి కూడా నోటికొచ్చు."

"మీ మీటరు చూసుకోండి అంది."

"నవ్వుతూ చెప్పేవాడివి," అన్నాడు బావమరిది. డబ్బా బల్లమీద పెట్టేసి, టీ తాగకుండానే మెట్లు దిగిపోయాడు.

* * *

కొన్ని రోజులు బావమరిది పైకి రాలేదు. పళ్లెం అతని భార్యే తెచ్చేది, ఆమే తీసుకెళ్లేది. సెకనాయన రిసీవర్ తీగ పీకేశాడు. ఒక పూట అలాగే ఉంచి మళ్లీ పెట్టాడు. అది కొత్తగా పుట్టినట్టు, ఎక్కడున్నానో వెతుక్కుంటూ ఒక రోజంతా గడిపి, చివరికి నీళ్లట్యాంకు పక్కన ఉన్నానని ఒప్పుకుంది. బజారు క్రిస్టల్ తూలుడు ఆగింది. అంతా సరిగ్గా ఉంది. ఆ సరిగ్గా ఉండటం చూడలేక ఆయన దాన్ని తీసేసి, చిట్లిన బుడ్డినే మళ్లీ దిమ్మలో కూర్చోబెట్టి, అతుకువేశాడు. కరెంటు ఇవ్వగానే రాయి వణికింది. ప్రాణం ఉంది. కానీ గాలి తగిలింది కాబట్టి ఒక్కచోట నిలబడలేదు. పొద్దున పెట్టిన చుక్కకు మర్నాటి చుక్క బాగా కింద పడేది. ముందున్న ఆ సన్నటి గీత పక్కనుంచి చుక్కలు మెట్లు దిగినట్టు దిగిపోయాయి. కాగితం అంచు దాటాయి. ఆయన కింద ఇంకో కాగితం అంటించాడు.

ఒక పొద్దున బావమరిది గుమ్మంలో కనిపించాడు. చేతిలో రెండు గ్లాసులు. లోపలికి వచ్చి, ఒకటి బల్లమీద పెట్టి, కుంపటి మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఎలా ఉంది?"

అక్క ఎలా ఉందని ఆసుపత్రి వరండాలో రోజూ అడిగిన గొంతే.

"వెచ్చగా ఉంది."

"కదిలిందా?"

"కదిలింది. నిన్నటికన్నా కిందికి."

బావమరిది తలాడించి మంచం అంచున కూర్చున్నాడు. టీ తాగారు. తాగాక సెకనాయన మూడో కాగితం తీసి, గోడ దగ్గర వంగబోయి, మోకాలు పట్టేసి ఆగాడు. బావమరిది లేచి, కాగితం పై అంచు రెండు చేతులతో గోడకు అదిమి పట్టుకున్నాడు.

"వంకరగా పట్టకు."

"పట్టను. ఇలా పోతే గోడ చాలదు బావా."

"తెలుసు," అంటూ ఆయన కింది అంచుకు జిగురు రాశాడు.